ఒక్కటే ఇంజనా బిడ్డా?

2023 డిసెంబర్ 4 నాడు పొద్దుగాల తూప్రాన్ దగ్గర రావెల్లి శివారుల ఎయిర్ ఫోర్స్ ట్రైనింగ్ విమానం కూలింది. ఇద్దరు పైలట్లు పాణం ఇడిశిన్రు. దుండిగల్ అకాడమీ నుంచి లేసిన పిలాటస్ పీసీ-7 అది. మా ఊరు గా దుండిగల్ దిక్కే. పదేండ్ల సంది అసొంటి విమానాలు మా ఇంటి మీదికెల్లే తిరుగుతున్నయ్. టీవీల వార్త జూసి మా అమ్మ నాకు ఫోన్ జేసింది. ఇక్కడ అమెరికాల అప్పుడు రాత్రి పండుకునే యాళ్ల.

"బిడ్డా, దానికి ఒక్కటే ఇంజనట. నీ ఇమానానికి ఎన్ని?"

"ఒక్కటే అమ్మా."

కొంచెంసేపు సప్పుడు లేదు. "అమ్మెయ్" అన్నది, ఫోన్ పెట్టేసింది.

నేను అమ్మలేదు. తూప్రాన్ల ఏమైందో తేల్చేది ఎయిర్ ఫోర్స్ పని, దాని జోలికి నేను పోను. కానీ అమ్మ అడిగిన మాట మాత్రం పాణం మీది మాట. ఫోన్ల సక్కగ జవాబియ్యలేకపోయిన. గిక్కడ రాస్తున్న.

నేను కిడ్నీల డాక్టర్ను. ఆర్కాన్సాస్ రాష్ట్రం, లిటిల్ రాక్ ల ఉంట. ఇంకో డాక్టర్ దోస్తు, నేను సగం సగం పైసలేసుకొని టీబీఎం 850 అనే విమానం సెకండ్ హ్యాండ్ల కొన్నం. ఇది ఫ్రాన్స్ ల టార్బ్ అనే ఊర్ల తయారైతది. పేర్ల "టీబీ" అంటే గా టార్బే. "ఎం" అంటే మూనీ, మొదట్ల కలిసి పనిజేసిన అమెరికా కంపెనీ. మొదటి టీబీఎం 700 గాల్లకు లేసింది 1988 జులై 14న, ఫ్రాన్సోళ్ల జాతీయ పండుగ నాడు. మా 850ల ఆరుగురు కూసోవచ్చు. గంటకు 320 నాట్లు, అంటే దాదాపు 590 కిలోమీటర్ల దాక ఉరుకుతది. 31,000 అడుగుల ఎత్తు దాక పోతది. షికాగోల ఉన్న మా పెద్దబిడ్డ ఇంటికి రెండు గంటల్లోపే దిగుత. నిజం జెప్పాలంటే గంతదానికి ఇంత విమానం అక్కెర లేదు. ఎయిర్‌లైన్ టికెట్ కొనుక్కొని పోవచ్చు. ఇది ఇష్టంతోని కొన్నదే, అవసరమని అబద్ధమాడ.

ఇగ ఇంజన్ ముచ్చట. పీటీ6 అంటరు. కెనడాల ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ జేస్తది. 1960లల్ల వచ్చిన ఇంజన్, ఇప్పటిదాక యాభై వేలకు పైన తయారైనయ్. మా అమ్మ నెత్తిమీదికెల్లి పోయే పీసీ-7ల ఉన్నది గీ కుటుంబం ఇంజనే. ఇక్కడ ఆర్కాన్సాస్ ల మనసొంటి వరి పొలాలే. అమెరికాల అన్నిటికన్న ఎక్కువ వడ్లు పండేది గీ రాష్ట్రంలనే. ఆ పొలాల మీద చెట్లెత్తుల ఉరుక్కుంట మందు కొట్టే పసుపుపచ్చ విమానాలల్ల మస్తువాటికి గీ ఇంజనే. రోజుకు ఎన్నిసార్లు దిగుతయో, ఎన్నిసార్లు లేస్తయో లెక్కుండది. నాకు గీ ఇంజన్ మీద నమ్మకం కుదిరింది కంపెనీ కాయిదాలు జూసి కాదు, గా మందు కొట్టే పైలట్లను జూసి.

ఎట్ల పనిజేస్తదో అమ్మకు అర్థమయ్యేటట్టు చెప్త. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుంగ పెట్టున్రి. ఒక్కదానికే కరెంటియ్యున్రి. దాని గాలికి రెండోది కూడ తిరుగుతది. రెంటి నడుమ రాడ్ లేదు, బెల్టు లేదు, ఉన్నది గాలే. పీటీ6 కూడ గంతే. గాలిని ఒత్తిపట్టి, అండ్ల కిరోసిన్ అసొంటి నూనె మండిచ్చి, వేడి గాలి పుట్టిచ్చే భాగం ఒకటి. అది నిమిషానికి 37,000 సార్లకు పైన తిరుగుతది. గా వేడి గాలికి తిరిగే టర్బైన్ ఇంకోటి. దానికి గేర్లు కట్టి, నిమిషానికి 2,000 సార్లకు తగ్గిచ్చి ముంగటి పంకను తిప్పుతది. ఇంకో తమాషా ఏందంటే, ఇంజన్ల గాలి ఎనక నుంచి దూరి ముంగటికి పోతది. గందుకే పొగ గొట్టాలు ముక్కు దగ్గరనే ఉంటయ్. జూసెటోళ్లకు ఇంజన్ ఉల్టా బిగిచ్చినట్టు కొడ్తది.

చిన్న విమానాలల్ల కారు ఇంజన్ లెక్క పిస్టన్లుంటయ్. అవి పైకి పోయి ఆగి, కిందికొచ్చి ఆగి, నిమిషానికి వేలసార్లు కొట్టుకుంటయ్. గిండ్ల అన్నీ ఒక్క దిక్కే తిరుగుడు, కొట్టుకునేది ఏదీ లేదు. గందుకే నా విమానం ఇంజన్ను 3,500 గంటలు నడిపినంక పూరాగ ఇప్పమని రాసి పెట్టిన్రు. నేను ఏడాదికి నూరు గంటలు తిరిగితే ఎక్కువ.

"అయినా ఆగితే?" అంటది అమ్మ. ఆగదు అని నేను అనలేను. 28,000 అడుగుల మీద ఆగిందనుకుందాం. విమానం రాయి లెక్క పడదు. గద్ద లెక్క జారుకుంట వస్తది. వెయ్యి అడుగులు దిగేలోపు మూడున్నర కిలోమీటర్లు ముంగటికి పోతది. అంటే 80, 90 కిలోమీటర్ల లోపల ఎక్కడ రన్‌వే ఉన్నా నాకు ఆశ ఉన్నట్టే. హైదరాబాద్ మీద ఆగితే మెదక్ దాక జారొచ్చు. అమెరికాల గంత దూరంల రెండు మూడన్నా చిన్న ఎయిర్‌పోర్టులుంటయ్. రన్‌వే దొరక్కపోతే పొలమే గతి. గందుకే రెక్కలను నెమ్మదిగ కూడ ఎగిరేటట్టు చేసిన్రు. గంటకు 120 కిలోమీటర్ల స్పీడు దాక ఇది గాల్ల నిలుస్తది. స్పీడు రెండింతలైతే దెబ్బ నాలుగింతలైతది, గందుకే నేలకు తాకే స్పీడు ఎంత తక్కువైతే మనిషి బతుకుడు అంత ఎక్కువ.

రెండు ఇంజన్లుంటే మంచిదే కదా అని మీరనొచ్చు. మంచి పైలట్ చేతుల మంచిదే. కానీ రెండిట్ల ఒకటి లేసెటప్పుడే ఆగితే విమానం ఒక్క పక్కకు గుంజుతది. గా రెండు మూడు సెకండ్లల్ల కాలు సక్కగ తొక్కకపోతే తిరగబడ్తది. గట్ల పోయినోళ్లు మస్తుమంది. వారానికి ఒక్కసారి తోలే నా అసొంటి డాక్టర్‌కు రెండో ఇంజన్ ధైర్యమియ్యదు, ఇంకో పరీక్ష పెడ్తది.

అసలు భయం ఇంజన్ ఆగుడు కాదు. 2014 సెప్టెంబర్ 5న న్యూయార్క్ రాష్ట్రంల రోచెస్టర్ నుంచి ఫ్లోరిడాకు ఒక కొత్త టీబీఎం 900 లేసింది. భార్యాభర్తలిద్దరు, భర్తే పైలట్. 28,000 అడుగుల మీద లోపలి గాలి తగ్గుడు షురువైంది. 18,000కు దిగుత అని అడిగిండు. 25,000కు దిగమన్నరు. ఆ ఎత్తుల మనిషికి తెలివి ఉండేది మూడు నుంచి ఐదు నిమిషాలే. అండ్ల మాట తడబడ్తది, నవ్వొస్తది, అంతా మంచిగనే ఉన్నట్టు కొడ్తది. మాస్కు మొఖానికి పెట్టుకునే తెలివి కూడ గండ్లనే పోతది. గా విమానం ఫ్లోరిడా దాటి, క్యూబా దాటి, ఆఖరుకు జమైకా దగ్గర సముద్రంల పడ్డది. ఫైటర్ విమానాలు పక్కపొంటి పోయి జూసినయ్ కానీ ఏం జేస్తయ్? గా ఇంజన్ మాత్రం నూనె ఉన్నన్ని గంటలు మంచిగ తిరిగింది.

ఇది సదివినంక నేను రూల్ పెట్టుకున్న. గాలి గురించి ఏ బత్తి ఎలిగినా ముందుగాల మాస్కు, ఎందుకెలిగిందో తర్వాత.

నా తప్పు కూడ ఒకటి చెప్పాలె. ఒక జనవరి పొద్దుగాల, మంచు కురిసిన రాత్రి తెల్లారి, ఇంజన్ స్టార్ట్ చేస్తున్న. బ్యాటరీ సలికి సల్లబడి ఉన్నది. బయటి నుంచి కరెంటు బండి తెప్పియ్యాలె. బిడ్డ పుట్టినరోజు, ఆలస్యమైతదని తెప్పియ్యలేదు. ఇంజన్ సరిపోయేంత తిరగకముందే నూనె ఇడిసిన. లోపలి వేడి చూపెట్టే ముల్లు 700, 800, 900 అని ఎక్కుతనే ఉన్నది. వెయ్యి దాటితే టర్బైన్ రెక్కలు కాలి పోతయ్. రిపేర్ అంటే మా ఊర్ల మంచి ఇల్లు కట్టుకునే పైసలు. నూనె లీవర్ ఎనకకు గుంజిన. ముల్లు 960 దగ్గర ఆగి దిగింది. పక్క సీట్ల కూసున్న నా భార్య "ఏమైంది?" అన్నది. "ఏం లేదు" అన్న. ఆ "ఏం లేదు" అనుడే పెద్ద తప్పు అని నాకు అండ్లనే సమజైంది. ఆ రోజు కార్ల పోయినం, పది గంటలు పట్టింది. తొవ్వల అంతా చెప్పిన.

గీ ఇంజన్ బలంతోని ఇంకో గండమున్నది. దిగెటప్పుడు నెమ్మదిగ వస్తుంటం. రన్‌వే మీద ఏదన్నా అడ్డమొస్తే మళ్ల లేవాలె. భయానికి లీవర్ ఒక్కసారే తోస్తే గంత పంక బలానికి విమానం ఎడమకు మర్లబడ్తది. నేల దగ్గర అది మర్లబడితే నిలబెట్టే జాగ ఉండది. లీవర్ మెల్లగ, కుడికాలు గట్టిగ. గిదే ముచ్చట ప్రతి ఏడాది ట్రైనింగ్ల గురువు నాతోని చేపిస్తడు. ఇన్సూరెన్సోళ్లు గా ట్రైనింగ్ కాయిదం చూపెట్టకపోతే సంతకమే పెట్టరు.

2020 నుంచి వచ్చే టీబీఎంలల్ల ఒక బటన్ పెట్టిన్రు. పైలట్ స్పృహ తప్పితే పక్కనున్నోళ్లు గది ఒత్తాలె. విమానమే ఎయిర్‌పోర్ట్ ఏరుకొని, రేడియోల చెప్పి, దిగి ఆగుతది. అసొంటి కొత్త విమానం నలభై లక్షల డాలర్ల పైమాటే. నా దోస్తుకూ నాకూ గన్ని పైసలు లెవ్వు. గందుకే పోయిన ఎండకాలం సంది నా భార్యను నేర్చుకోమన్న. నాకు ముందుగాల మాస్కు పెట్టుడు, రేడియోల ఎవర్ని పిలుసుడు, ఆటోపైలట్‌తోని దించుడు. గురువు పక్కన కూసుంటే మూడుసార్లు ఆమెనే దించింది. మూడోసారి నాకన్న మెత్తగ దిగింది.

గా వీడియో అమ్మకు పంపిన. చూసి ఫోన్ జేసింది. "కోడలు మంచిగ తోలుతున్నది" అన్నది. అమ్మెయ్ అని మాత్రం ఈసారి అనలే.