సీట్లు మూడు.. ఎక్కేది పన్నెండు మంది!
ప్రాణాల మీదికి తెస్తున్న కూలీల ఆటోలు

నల్గొండ: నాట్లు, కలుపుతీత, పత్తి ఏరే రోజులు వస్తే తెల్లవారక ముందే పల్లెల్లో ఆటోల చప్పుడు మొదలవుతుంది. మామూలు ఆటోలో డ్రైవరు గాక ముగ్గురికే అనుమతి. ఎక్కేది మాత్రం పది, పన్నెండు మంది. పని వేళకు బస్సు ఉండదు. ఎంత ఎక్కువ మంది ఎక్కితే తలకు కిరాయి అంత తక్కువ పడుతుంది. ఆ నాలుగు రూపాయల పొదుపే కొంపలు ముంచుతున్నది.

2021 జనవరి 21న పెద్దఅడిశర్లపల్లి మండలం అంగడిపేట వద్ద జరిగిన ప్రమాదం జిల్లా ప్రజలకు విదితమే. నాట్లు వేసి ఇళ్లకు మళ్లిన కూలీల ఆటో, లారీ ఢీకొని తొమ్మిది మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది ఆడవారే.

బోల్తా ఎందుకు?

ఆటోకు ముందు ఉన్నది ఒకే చక్రం. వేగంగా మలుపు తిప్పితే బరువంతా ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ పక్క ముందు ఆసరా ఉండదు. వెనుక బరువు పెరిగితే ముందు చక్రానికి నేలపై పట్టు తగ్గుతుంది. డ్రైవరుకు చెరో పక్క ఒకరు కూర్చుంటే హ్యాండిల్ తిప్పేందుకు చోటుండదు. బ్రేకు వేసినా బండి వెంటనే ఆగదు. వెనుక లైటు వెలగని ఆటో చీకట్లో దగ్గరకు వచ్చేదాకా లారీ డ్రైవరుకు కనిపించదు.

తగిలే దెబ్బలు

తలుపులు లేనందున మనుషులు రోడ్డుపైకి ఎగిరిపడతారు. తల పగిలేది అక్కడే. కాళ్లు బయటకు వేలాడేసిన వారికి ఎముకలు నుజ్జవుతాయి. పుండులో మట్టి చేరి చీము పడితే నెలల తరబడి మంచమే. డ్రైవరు వెనుక ఉన్న ఇనుప కడ్డీ ముఖానికి, ఛాతీకి తగులుతుంది. కడుపులో దెబ్బ తగిలితే పైకి గాయం లేకున్నా లోపల రక్తం కారవచ్చు. వాంతులు, మగత, కడుపు ఉబ్బరం కనిపిస్తే ఆలస్యం చేయక ఆస్పత్రికి చేర్చాలి.

వెంటనే చేయవలసింది

ముందుగా 108కు ఫోను చేయాలి. కాళ్లు, చేతులు పట్టి లాగరాదు. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉంచాలి. రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. స్పృహ లేనివారికి నీళ్లు పోయరాదు. సాయం చేసిన వారిని కేసుల్లో ఇరికించరాదని 2019లో చట్టానికి సవరణ వచ్చింది. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం క్షతగాత్రులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల మేరకు నగదు చెల్లించకుండా చికిత్స పొందే వీలుంది.

పరిమితికి మించి ఎక్కిన ఒక్కొక్కరికి 200 రూపాయల జరిమానా ఉంది. జరిమానాతో పోయిన ప్రాణం తిరిగి రాదు. కూలీలకు రెండో ఆటో పెట్టి, ఆ కిరాయిని రైతు, మేస్త్రీ, కూలీలు తలా కొంత భరిస్తే ఎన్నో ఇళ్లలో దీపం ఆరిపోకుండా ఉంటుంది.