ఇరవై పౌండ్ల నోటు మీది ఓడ

ఊరి నుంచి అమ్మానాన్నల్ని లండన్‌కి పిలిపించుకున్న ఇళ్లలో మొదటి నెల హడావుడి తెలిసిందే. లండన్ ఐ, టవర్ బ్రిడ్జ్, నీస్డెన్ గుడి. రెండో నెలకి చూపించాల్సినవి అయిపోతాయి. మనం ఆఫీసుకి, పిల్లలు బడికి, పెద్దవాళ్లు కిటికీ దగ్గరికి. మా నాన్నయితే క్యాలెండర్‌లో తిరుగు ప్రయాణం తేదీ చుట్టూ సున్నా చుట్టి, రోజూ లెక్కపెట్టుకునేవారు.

ఆయన తూర్పు గోదావరిలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత కుడిచేయి వణకడం మొదలైంది. పెన్సిల్ పట్టడం మానేశారు. ఒకరోజు ఇరవై పౌండ్ల నోటు అటూ ఇటూ తిప్పి, "ఒరే, ఈ ఓడ టర్నర్ వేసింది కదూ! అసలు బొమ్మ ఎక్కడుంది?" అని అడిగారు. 2020 నుంచి ఆ నోటు నా జేబులో తిరుగుతోంది. దాని మీద ఓడ ఉందన్న సంగతే నేను చూడలేదు.

ఉన్నది ట్రఫాల్గర్ స్క్వేర్‌లో, నేషనల్ గ్యాలరీలో. ప్రవేశం ఉచితం. నాన్న నమ్మలేదు, "లోపలికెళ్లాక అడుగుతారేమో" అన్నారు. 1824లో ప్రభుత్వం 38 చిత్రాలు కొని జనం కోసం తెరిచిన గ్యాలరీ ఇది. ఇప్పుడు 2,300కు పైగా ఉన్నాయి. కొన్ని ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రమే టికెట్. శుక్రవారాల్లో రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది కాబట్టి ఆఫీసయ్యాక కూడా వెళ్లొచ్చు.

చిక్కల్లా గుమ్మం దగ్గర. వాన్ గో పొద్దుతిరుగుడు పూల మీద ఉద్యమకారులు సూప్ పోసిన సంగతి గుర్తుందా? అద్దం ఉండబట్టి బొమ్మ బతికింది. అలాంటి ఘటనల తర్వాత 2024 అక్టోబరు నుంచి ద్రవాలు లోపలికి రానివ్వడం లేదు, పసిపిల్లల పాలు, మందులు తప్ప. అమ్మ చేతిసంచిలోని మజ్జిగ అంతా మెట్ల మీదే తాగాల్సి వచ్చింది.

ఓడ ముందు నాన్న చాలాసేపు నిలబడ్డారు. 'టెమెరేర్' 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో పోరాడిన తెరచాప ఓడ. 1838లో దాన్ని విడగొట్టడానికి ఆవిరి పడవలు లాక్కెళ్లాయి. మరుసటి ఏడాది టర్నర్ ఆ దృశ్యం వేశాడు. తెల్లగా, దయ్యంలా పెద్ద ఓడ. ముందు పొగలు కక్కుతూ నల్లటి చిన్న పడవ. వెనక సూర్యాస్తమయం. "రిటైరైనవాణ్ని ఇంటి దగ్గర దింపి రావడానికి వెళ్తున్నట్టుందిరా" అన్నారు నాన్న. నేనేమీ అనలేదు.

స్టబ్స్ వేసిన 'విజిల్‌జాకెట్' గుర్రం దగ్గర మాత్రం మాస్టారు బయటికొచ్చారు. దాదాపు మూడు మీటర్ల ఎత్తు బొమ్మ, వెనక చెట్టూ లేదు, నేలా లేదు. "ఇలా వేస్తే నేను మార్కులు కోసేవాణ్ని" అని నవ్వారు. హోల్‌బైన్ 1533లో వేసిన 'రాయబారులు' దగ్గర, కింద వంకరగా పడున్న మరకను కుడిపక్కకి జరిగి ఏటవాలుగా చూడమని పిల్లలకి చెప్పి చూడండి. అది పుర్రెగా మారగానే వాళ్ల కేకలకి గార్డు తలతిప్పుతాడు.

ఒక్క పూటలో అన్నీ చూడాలనుకోవద్దు. పది బొమ్మలు చాలు. గదుల్లో బల్లలున్నాయి, పెద్దవాళ్లు కూర్చోవచ్చు.

బల్ల మీద కూర్చునే నాన్న రాజమండ్రి గురించి చెప్పారు. పిల్లల్ని అక్కడి దామెర్ల రామారావు గ్యాలరీకి తీసుకెళ్లేవారట. 1925లో ఇరవై ఏడేళ్లకే మశూచితో పోయిన దామెర్లను ప్రోత్సహించింది ఆ ఊరి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన. "ఆయన మనవాడికి దారి చూపించాడు, నేను ఆయన దేశం చూస్తున్నాను" అన్నారు.

తర్వాతి శుక్రవారం ఒక పుస్తకం, పెన్సిల్ కొనిపెట్టమన్నారు. గ్యాలరీలో పెన్సిల్‌తో గీసుకోవచ్చు. ఇప్పుడు ఒక్కరే బస్సెక్కి వెళ్తున్నారు. గుర్రం కాళ్లు వంకరగా వచ్చాయి, చెరపలేదు. తిరుగు ప్రయాణానికి ఇంకా మూడు శుక్రవారాలున్నాయని నిన్న రాత్రి చెప్పారు.