కవరులో బోనస్... కార్మికుల్లో గుసగుస
లెక్క చెప్పనిచోట కొట్లాట సాటివాడితోనే

జల్‌పల్లి: దసరా దగ్గరపడిందంటే చిన్న కార్ఖానాల్లో, గోదాముల్లో పనివారి నోట ఒకటే మాట. ఈసారి బోనస్ ఎంత? ఈ మాట యజమానిని అడిగేవారు తక్కువ. టీ కొట్టు దగ్గర, బండ్లు పెట్టుకునే చోట ఒకరినొకరు అడుక్కునేవారే ఎక్కువ. జవాబు మాత్రం ఎవరూ సూటిగా చెప్పరు. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, కవరు చేతిలో పెట్టి, నీకు మాత్రమే కాస్త ఎక్కువ వేశాను, పక్కవాడికి చెప్పకు అని పంపించడం చిన్న సంస్థల్లో చాలాచోట్ల ఉన్న ఆనవాయితీ.

పదిమందికీ ఇదే మాట చెబితే పదిమందీ తామొక్కరమే మేలు పొందామనుకుంటారు. పండుగ వెళ్ళిన వారానికి అసలు సంగతి ఎలాగో బయటపడుతుంది. అప్పుడు మొదలవుతుంది మనస్పర్థ. ఒకే మిషన్ మీద ఒకే షిఫ్టు చేసిన ఇద్దరిలో ఒకరికి ఆరు వేలు, మరొకరికి నాలుగు వేలు వచ్చాయనుకుందాం. తక్కువ వచ్చినవాడి కోపం యజమాని మీదికి పోదు. ఎక్కువ వచ్చినవాడి మీదికి పోతుంది. వాడు మేస్త్రీకి దగ్గరివాడని, చాడీలు చెప్పి సంపాదించాడని అనుమానం. నిజానికి ఆ రెండువేల తేడా ఎందుకు వచ్చిందో ఇద్దరికీ తెలియదు. డబ్బు తక్కువైన బాధ కన్నా ఎందుకు తక్కువైందో తెలియని బాధే పెద్దదై కూర్చుంటుంది.

ఊరు మారింది

రంగారెడ్డి జిల్లా బాలాపూర్ మండలంలోని జల్‌పల్లికి ఒకప్పుడు పెద్ద చెరువే గుర్తు. ఒకవైపు పహాడీ షరీఫ్ దర్గా గుట్ట, మరోవైపు కాటేదాన్ పారిశ్రామికవాడ. 2008 మార్చిలో శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైన తర్వాత ఈ చుట్టుపక్కల బతుకుతెరువు రూపు మారిపోయింది. ప్లాస్టిక్, తుక్కు సామాను గోదాములు, చిన్న తయారీ షెడ్లు ఒక పక్క. ఊడ్చి తుడిచే పని, కాపలా, సరుకు ఎత్తుడు దింపుడు, క్యాంటీన్ పని మరో పక్క.

ఇలాంటి పనుల్లో మనిషిని పెట్టుకునేది ఒకరు, పని చేయించుకునేది మరొకరు. మధ్యలో కాంట్రాక్టరు ఉంటాడు. బోనస్ సంగతి పెద్ద సంస్థను అడిగితే కాంట్రాక్టరును అడగమంటారు. కాంట్రాక్టరును అడిగితే పైనుంచి బిల్లు రాలేదంటాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇలాంటివారిని చూసే పుట్టి ఉంటుంది.

దయ కాదు, హక్కు

బోనస్ అంటే పండుగకు యజమాని ఇచ్చే ఇనాం అనే భావన ఇంకా పోలేదు. మిఠాయి డబ్బా, ఒక చీర, కొంత నగదు ఇచ్చి అదే బోనస్ అనేవారున్నారు. చట్టం మాత్రం ఆ మాట చెప్పడం లేదు.

బొంబాయి బట్టల మిల్లుల తగాదాలో 1950లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఒక సూత్రం చెప్పింది. ఖర్చులు, తరుగుదల, పెట్టుబడికి ప్రతిఫలం పోగా మిగిలిన లాభంలో కార్మికుడికీ వాటా ఉందన్నదే ఆ సూత్రం. 1961లో మెహెర్ అధ్యక్షతన బోనస్ కమిషన్ ఏర్పడింది. దాని సిఫారసుల తర్వాత 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. అప్పుడు కనీస బోనస్ 4 శాతం. 1972లో అది 8.33 శాతానికి పెరిగింది. 1975లో ఎమర్జెన్సీ కాలంలో మళ్ళీ 4 శాతానికి కోత పడింది. 1977లో ప్రభుత్వం మారాక 8.33 తిరిగి వచ్చింది. 1980 సవరణతో అది స్థిరపడింది.

8.33 శాతం అంటే పన్నెండో వంతు. అంటే ఏడాదికి ఒక నెల జీతం. గరిష్ఠం 20 శాతం. లాభం వచ్చినా రాకపోయినా కనీస బోనస్ ఇవ్వాల్సిందే. కొత్తగా పెట్టిన సంస్థలకు మొదటి అయిదేళ్ళు కొంత వెసులుబాటు ఉంది. 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు ఇది వర్తిస్తుంది. ఏడాదిలో కనీసం 30 రోజులు పనిచేసినవారు అర్హులు. పర్మనెంటు మనిషై ఉండాలన్న నిబంధన ఎక్కడా లేదు.

2015 సవరణ జీతం పరిమితిని నెలకు 21,000 రూపాయలకు పెంచింది. బోనస్ కట్టేందుకు 7,000 రూపాయలు లేదా ఆ పనికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం, రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది.

ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. నెలకు 7,000 చొప్పున ఏడాదికి 84,000. అందులో 8.33 శాతం 6,997 రూపాయలు. కనీస వేతనం 10,000 అయితే ఏడాదికి 1,20,000, బోనస్ 9,996 రూపాయలు. ఏడాది పొడవునా పనిచేసిన అర్హుడికి కవరులో నాలుగు వేలే పెట్టారంటే అది చట్టం చెప్పిన కనీసానికే తక్కువ. పక్కవాడికి ఆరు వేలు వచ్చినా అదీ తక్కువే. ఇద్దరూ నష్టపోయి, ఒకరి మీద ఒకరు పళ్ళు నూరుకుంటున్నారన్నమాట.

బొగ్గుబావి దగ్గర లెక్క బహిరంగం

ఈ గుసగుస లేనిచోటు ఏదైనా ఉందా అంటే సింగరేణి వైపు చూడాలి. అక్కడ చట్టం ప్రకారం వచ్చే బోనస్ సంగతి వేరు. కంపెనీ లాభాల్లో కార్మికులకు వాటా ఇచ్చే పద్ధతి ఉంది. వాటా శాతాన్ని ఏటా ప్రభుత్వమే అందరి ముందు ప్రకటిస్తుంది. 2023-24 సంవత్సరానికి కంపెనీ లాభం 4,701 కోట్లని చెప్పారు. అందులో 2,289 కోట్లు విస్తరణ పనులకు పక్కన పెట్టారు. మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికుల వాటాగా 2024 సెప్టెంబరులో ప్రకటించారు. సుమారు 41 వేల మందికి సగటున 1.90 లక్షల రూపాయలు. ఎవరికెంత అన్నది వారి మస్టర్ల మీద, బావిలో దిగారా, ఓపెన్ కాస్టులో చేశారా, పైన చేశారా అన్నదాని మీద ఆధారపడుతుంది.

అంటే అక్కడ అందరూ సంతోషంగా ఉన్నారని కాదు. 33 శాతం అని చెప్పి మొత్తం లాభం మీద కాకుండా మిగిలిన దాని మీదే కట్టారని కార్మిక సంఘాలు అభ్యంతరం చెప్పాయి. మొత్తం 4,701 కోట్ల మీద చూస్తే ఆ 796 కోట్లు దాదాపు 17 శాతమే. ఆ మరుసటి ఏడాది లాభం 6,394 కోట్లయినా, వాటా లెక్క కట్టింది 2,360 కోట్ల మీద. శాతం 34. ఈ తగవు ఇంకా తీరలేదు. కానీ ఒక్క తేడా గమనించాలి. ఆ కార్మికుడు అంకెను పట్టుకుని యాజమాన్యంతో తగవు పడుతున్నాడు. పక్క మస్టరు వాడితో కాదు. లెక్క బయట ఉంది కాబట్టి అడిగేందుకు అతనికి ఒక నోరు ఉంది.

ఆ లెక్క బయట ఉన్నందువల్లే మరో విషయమూ లోకానికి కనిపించింది. అదే బొగ్గు పెళ్ళల మధ్య పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి ఎంత అన్న ప్రశ్న. 2024లో సుమారు 25 వేల మందికి తలా 5,000 ప్రకటించారు. 2025లో అది 5,500 అయింది. సాటి కార్మికుడికి లక్షా తొంభై వేలు, తమకు అయిదు వేలా అని వారు అడగగలుగుతున్నారంటే ఆ రెండు అంకెలూ పత్రికల్లో వచ్చాయి కాబట్టే. రైల్వేలోనూ అంతే. 1979 నుంచి ఉత్పాదకత బోనస్ ఉంది. ఎన్నో ఏళ్ళుగా 78 రోజుల జీతమని దసరాకు ముందు బహిరంగంగా ప్రకటిస్తూ వచ్చారు. గ్యాంగ్‌మన్‌కూ తెలుసు, గుమాస్తాకూ తెలుసు.

ఒక చీటీ చెప్పిన నిజం

జీతాలు దాచిపెట్టడం మన దగ్గరే కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రం గాడ్స్‌డెన్‌లోని గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో లిల్లీ లెడ్‌బెటర్ అనే మహిళ 1979 నుంచి 1998 వరకు పనిచేశారు. సూపర్‌వైజర్ హోదాకు చేరారు. తన జీతం మగవారి కన్నా తక్కువన్న సంగతి ఆమెకు ఎన్నో ఏళ్ళ తర్వాత, పేరు రాయని ఒక చీటీ ద్వారా తెలిసింది. ఆమెకు నెలకు 3,727 డాలర్లు. అదే పని చేసే మగవారిలో అందరికన్నా తక్కువ తీసుకునేవాడికే 4,286 డాలర్లు.

ఆమె కోర్టుకెక్కారు. జీతం నిర్ణయించిన 180 రోజుల్లోగా ఫిర్యాదు చేయలేదు కాబట్టి కుదరదని 2007లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. తెలియని అన్యాయం మీద గడువులోగా ఎలా ఫిర్యాదు చేస్తారన్నది ఆమె వైపు వాదన. చివరికి 2009 జనవరిలో ఆమె పేరుతోనే చట్టం వచ్చింది. తక్కువ జీతం చేతికి వచ్చిన ప్రతిసారీ గడువు కొత్తగా మొదలవుతుందని ఆ చట్టం చెప్పింది. దాచిన లెక్క మనిషి హక్కును కూడా ఎలా మింగేస్తుందో చెప్పేందుకు ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

చట్టంలో ఉన్నది, చేతిలో లేనిది

మన దగ్గర కొన్ని ఉద్యోగ ఉత్తర్వుల్లో జీతం ఎవరికీ చెప్పరాదన్న షరతు ఉంటుంది. అది యజమాని రాసుకున్న షరతే. జీతం చెప్పుకోవడం నేరమని ఏ కార్మిక చట్టమూ చెప్పలేదు. సరికదా, 1965 చట్టం కింద 1975లో వచ్చిన నియమాలు ఫారం-సి పేరుతో ఒక రిజిస్టరు పెట్టమన్నాయి. కార్మికుడి పేరు, పనిచేసిన రోజులు, వచ్చిన జీతం, రావాల్సిన బోనస్, కోసిన మొత్తం, చెల్లించిన మొత్తం అన్నీ అందులో ఉండాలి. పండుగకు ముందే ఇచ్చిన పూజా బోనస్‌ను అసలు బోనస్‌లో తగ్గించుకోవచ్చు గానీ ఆ సంగతి రాసి పెట్టాలి. అంటే కవరు మీద రాయని లెక్క రిజిస్టరులో రాసి ఉండాలన్నమాట.

2025 నవంబరు 21న వేతనాల కోడ్ అమలులోకి వచ్చింది. వేతన చెల్లింపు, కనీస వేతనం, బోనస్, సమాన వేతనం చట్టాలు నాలుగూ అందులో కలిసిపోయాయి. 8.33 శాతం కనీసం, 20 శాతం గరిష్ఠం అలాగే ఉన్నాయి. లెక్కల సంవత్సరం ముగిసిన ఎనిమిది నెలల్లోగా బోనస్ చెల్లించాలి. మార్చితో లెక్కలు ముగించే సంస్థ నవంబరు చివరికల్లా ఇచ్చి తీరాలి. జీతం చీటీ ఇవ్వడం యజమాని బాధ్యత. ఒకే పనికి ఆడవారికి ఒక వేతనం, మగవారికి ఒక వేతనం కుదరదు. బాకీల మీద మూడేళ్ళలోగా దరఖాస్తు చేసుకోవచ్చు.

అయినప్పటికీ ఎవరిని అడగాలన్నదే పెద్ద చిక్కు. షెడ్లు, గోదాములు, దుకాణాలు రాష్ట్ర కార్మిక శాఖ పరిధిలోకి వస్తాయి. విమాన రవాణా సంస్థలు, వాటి కాంట్రాక్టర్లు కేంద్ర కార్మిక శాఖ కిందికి వస్తారు. ఒకే గల్లీలో అన్న గోదాములో, తమ్ముడు విమానాశ్రయంలో పనిచేస్తుంటే ఇద్దరివీ వేర్వేరు ఆఫీసులు. ఈ తేడా తెలియక తిరిగి తిరిగి విసుగెత్తి మానుకునేవారే ఎక్కువ. పని పోతుందన్న భయం సరేసరి. పైగా 20 మంది లేని షెడ్డుకు బోనస్ నిబంధనే వర్తించదు. బయటి రాష్ట్రాల నుంచి వచ్చి అద్దె గదుల్లో ఉంటున్నవారు నోరు తెరవడం మరీ కష్టం.

గోడ మీద ఒక కాగితం

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అయితే అడిగేందుకు ముందు ఏం అడగాలో తెలియాలి. మస్టరు రోజులు తన దగ్గర రాసి పెట్టుకోవడం, జీతం చీటీలు దాచుకోవడం, ముట్టిన మొత్తం రాయని కాగితం మీద సంతకం చేయకపోవడం కార్మికుడు చేయగలిగిన పనులు. కాంట్రాక్టరు మధ్యలో మారితే పాతవాడి దగ్గర ఎన్ని రోజులు చేశారో రాయించుకోవడం మరీ ముఖ్యం. రుజువు లేని బాకీ గాలికి పోతుంది.

యజమానులు చేయాల్సిన పని ఇంకా చిన్నది. దసరాకు ముందు గోడ మీద ఒక కాగితం అంటించాలి. ఏ జీతం మీద కట్టారు, ఎంత శాతం, ఎన్ని రోజులకు ఎంత అన్న మూడు ముక్కలు రాస్తే చాలు. బాగా పనిచేసినవాడికి ఎక్కువ ఇవ్వదలిస్తే ఇవ్వవచ్చు, కానీ ఏ కొలత మీద ఇచ్చారో చెప్పాలి. కొలత తెలిసినప్పుడు తక్కువ వచ్చినవాడు మరుసటి ఏడు ఎక్కువ తెచ్చుకునేందుకు ప్రయత్నిస్తాడు. తెలియనప్పుడు పక్కవాడిని పడగొట్టేందుకు చూస్తాడు.

కార్మిక శాఖ అధికారులు ఏటా దసరాకు ముందు జల్‌పల్లి, కాటేదాన్, శంషాబాద్ ప్రాంతాల్లో బోనస్ రిజిస్టర్లు తనిఖీ చేయాలి. ఏ పనివారు ఏ ఆఫీసుకు వెళ్ళాలో తెలుగు, ఉర్దూ, హిందీ భాషల్లో బోర్డులు పెట్టాలి. అదేమంత ఖర్చుతో కూడిన పని కాదు.