రందికీ మందుంది

"నీకేం తక్కువైందే? తిండికి కొదువనా, బట్టకు కొదువనా? మొగడు తాగుతడా, కొడుతడా?"

డిప్రెషన్ వచ్చిన ఆడదాన్ని మన ఊళ్లలో మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, ప్రేమతోనే అడుగుతారు. తక్కువేమీ లేదని మనకూ తెలుసు. తెలిసి కూడా "మరి నాకెందుకిలా?" అని ఇంకాస్త కుంగిపోతాం. జ్వరం వచ్చినవాళ్లను "నీకేం తక్కువని జ్వరమొచ్చింది?" అని ఎవరైనా అడుగుతారా, మీరే చెప్పండి.

మాది నిజామాబాద్ జిల్లా ముప్కాల్. ఆర్మూరు నుంచి నిర్మల్ పోయే హైవే మీద ఉంటుంది. పసుపు పండే నేల. జూన్‌లో పెట్టిన పంట జనవరి నుంచి తవ్వకానికి వస్తుంది. తవ్వడం, కొమ్ములు ఉడకబెట్టడం, ఆరబెట్టడం, పాలిష్ పట్టించి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలడం... ఆ రెండు మూడు నెలలు ఇంట్లో ఆడవాళ్లకు ఊపిరి సలపదు. 2023లో సరిగ్గా ఆ రోజుల్లోనే నాకీ జబ్బు వచ్చింది. ఆ ఏడు మొదట్లో పసుపుకు ధర లేదు. కనుక ఊరంతా నా దిగులుకు కారణం కనిపెట్టేసింది! ఏడాది తిరిగేసరికి ధర పెరిగింది, నేనూ కోలుకున్నాను. "పసుపు అమ్మినంక మొఖంల కళొచ్చింది" అన్నారు. అప్పటికి ఏడాదిగా నేను మింగుతున్న మాత్రల సంగతి వాళ్లకు తెలియదు. ఈ పేజీ చదివితే తెలుస్తుంది. తెలియనివ్వండి.

డిప్రెషన్ అంటే పగలూ రాత్రీ ఏడవడం అనుకుంటారు. నాకు ఏడుపు కూడా రాలేదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది, మళ్లీ నిద్ర పట్టేది కాదు. చాయ్ రుచి తెలిసేది కాదు. తల దువ్వుకుందామంటే చెయ్యి లేచేది కాదు. పిల్లలు బడి నుంచి వచ్చి ఏదో చెబుతుంటే వాళ్ల పెదవులు కదలడం కనిపించేది, మాట లోపలికి పోయేది కాదు. అప్పుడప్పుడు కథలు రాస్తుంటాను. అప్పటికి సగం రాసిన కథలో ఒకామె ఆర్మూరు బస్టాండులో బస్సు కోసం చూస్తోంది. పాపం, ఆమెను ఎనిమిది నెలలు అక్కడే నిలబెట్టాను.

ఇది పట్నం జబ్బు, డబ్బున్నవాళ్ల జబ్బు అనేవాళ్లకు ఒక మాట. తెలంగాణలో 'రంది', 'మనాది' అనే మాటలు ఈనాటివా? "మనాదితోని మంచం పట్టింది" అని మా నాయనమ్మ అనేది. ఆమెకు సంతకం కూడా రాదు. జబ్బు లేకుండానే దానికి పేరు పుడుతుందా? ఆఫ్రికాలోని జింబాబ్వేలో షోనా భాష మాట్లాడేవాళ్లు దీన్ని 'కుఫుంగిసిసా' అంటారు. అతిగా ఆలోచించడం అని అర్థం. మన రందికి అది తోబుట్టువు కాదూ!

బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో సర్వే చేస్తే, పెద్దవాళ్లలో ప్రతి 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వచ్చిందని తేలింది. డిప్రెషన్, ఆందోళన వంటి సమస్యలున్నవాళ్లలో నూటికి 85 మందికి వైద్యమే అందడం లేదని కూడా ఆ సర్వే చెప్పింది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఇది దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంత లెక్క దాకా ఎందుకు? బీడీల చేట ఒడిలో పెట్టుకుని పొద్దంతా వంగి కూర్చునేవాళ్లు, మొగడు గల్ఫ్‌లో ఉంటే అత్తమామల్నీ పిల్లల్నీ అప్పునీ ఒక్కతే మోసేవాళ్లు మా జిల్లాలో ఏ వాడకు పోయినా కనిపిస్తారు. రంది అని పైకి చెప్పరు. తలనొప్పి, నడుం నొప్పి, గుండెదడ అని చెబుతారు. సూది వేయించుకుని ఇంటికొస్తారు.

నాకూ మొదట సెలైన్ ఎక్కించారు. బలానికి సూదులు వేశారు. మా అత్తమ్మ గాలి సోకిందని పోచమ్మకు బోనం మొక్కింది. ఆ మొక్కు మీద నాకు ఫిర్యాదేం లేదు. ఆమెకు తెలిసిన వైద్యం ఆమె చేసింది. ఆసుపత్రిలో పనిచేసే మా ఆడబిడ్డ వచ్చి చూసి, "వదినా, రెండు వారాలు దాటినంక ఇది ఉత్త రంది కాదు, రోగం. పోదాం పా" అని లేపింది. ఈ రెండు వారాల లెక్క గుర్తుపెట్టుకోండి. రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండడం, లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దానికి తోడు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతినడం రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ ఉంటే డాక్టర్‌కు చూపించాల్సిందే.

నిజామాబాద్‌లో 'మానసిక వైద్యులు' అనే బోర్డు కింద మా ఆయన స్కూటర్ ఆపలేదు. నాలుగు దుకాణాల అవతల మిఠాయి దుకాణం ముందు ఆపాడు! డాక్టరమ్మ ముందు రక్తపరీక్షలు రాసింది. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా మనిషి ఇలాగే డీలా పడుతుంది. అవి కావని తేలాకే మాత్రలు మొదలుపెట్టింది. ఎప్పుడైనా కారణం లేకుండా పట్టరాని హుషారు, నిద్ర అక్కర్లేని రోజులు ఉన్నాయా అని కూడా అడిగింది. అలాంటివుంటే జబ్బు వేరు, మందూ వేరు.

ఏ మందు?

మా ఇళ్లలో మందు అంటే మూడు అర్థాలు. తాగే మందు, చేనుకు కొట్టే మందు, జబ్బుకు వేసుకునే మందు. ఈ మూడింటి సంగతీ తేల్చుకుంటే గానీ డిప్రెషన్ వైద్యం ముందుకు సాగదు.

మా వైపు ఆడవాళ్లు కూడా కల్లు తాగుతారు. బీడీలు చుట్టి ఒళ్లు హూనమయ్యాక సాయంత్రం సీసా కల్లు పడితే గానీ నిద్ర రాదంటారు. చెట్టు కల్లయితే ఒక దారి. అల్ప్రాజోలం, డైజిపామ్ వంటి నిద్రమందులు కలిపిన కల్తీ కల్లు ఇంకో దారి. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లును అడ్డుకునేసరికి ఏమైందో గుర్తుందా? అలవాటుపడ్డ శరీరాలు తట్టుకోలేక, ఫిట్సుతో, పిచ్చి మాటలతో నిజామాబాద్ ఆసుపత్రికీ హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికీ జనం వరుస కట్టారు. అది చూసినవాళ్లకు 'మానసిక డాక్టర్ మాత్ర' అనగానే అదే కళ్లముందు మెదులుతుంది. ఒకసారి మొదలుపెడితే బతుకంతా మింగాలేమో, మానితే ఫిట్స్ వస్తాయేమోనని భయం. భయపడడంలో తప్పు లేదు గానీ రెండూ ఒకటి కావు.

డిప్రెషన్‌కు ఇప్పుడు ఎక్కువగా ఇచ్చేవి ఎస్ఎస్ఆర్ఐ రకం మాత్రలు. ఇవి మత్తునివ్వవు. ఇంకా కావాలని నోరు పీకదు. నిజానికి వేసుకున్న వెంటనే ఏ హాయీ ఉండదు. మొదటి వారం కడుపులో తిప్పడం, తలనొప్పి, కాస్త కంగారు. గుణం మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకు గానీ కనిపించదు. అంటే ముందు ఇబ్బంది వచ్చి తర్వాత మేలు వస్తుందన్నమాట. సగం మంది అక్కడే వదిలేస్తారేమోనని నాకనిపిస్తుంది. కొందరికి దాంపత్యం మీద ఆసక్తి తగ్గుతుంది. సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెబితే మోతాదో మందో మారుస్తారు. ఇరవై అయిదేళ్ల లోపు పిల్లలకు ఇస్తే మొదటి వారాల్లో ఇంట్లోవాళ్లు కనిపెట్టి ఉండాలి. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా తమంతట తాము ఆపకుండా డాక్టర్‌ను అడగాలి.

ఈ మందుల పుట్టుక కూడా విచిత్రమే. 1950ల మొదట్లో అమెరికాలో క్షయరోగులకు ఇప్రోనియజిడ్ అనే మందు ఇస్తే, మంచాల మీద పడి ఉన్నవాళ్లు హుషారుగా లేచి తిరగడం మొదలుపెట్టారట. అలా మనసుకూ మందుంటుందని తెలిసింది. ఫ్లూఆక్సెటిన్‌కు అక్కడ అనుమతి వచ్చింది 1987లో. మెదడులో సెరొటోనిన్ తక్కువై డిప్రెషన్ వస్తుందని చాలాకాలం చెప్పారు. అసలు సంగతి అంత సులువు కాదని ఇప్పుడు శాస్త్రవేత్తలే అంటున్నారు. అయినా మందు పనిచేస్తోంది. పాలు ఎందుకు తోడుకుంటాయో తెలియకుండానే మన అమ్మమ్మలు పెరుగు తోడుపెట్టలేదూ!

మా వాడలో ఒకామె రెండో నెలలో బాగనిపించి మాత్రలు ఆపేసింది. "నయమైనంక ఇంకెందుకు" అంది. నెల తిరక్కుండా మళ్లీ మంచమెక్కింది. నయమయ్యాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలని డాక్టర్లు చెప్పేది అందుకే. ఆపేటప్పుడు కూడా ఒక్కసారిగా కాదు. ఒక్కసారి ఆపితే కళ్లు తిరగడం, చిరాకు, నిద్ర చెడడం ఉంటాయి. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. నాకు అలా తగ్గించడానికి రెండు నెలలు పట్టింది.

ఇక మూడోది, చేను మందు. డాక్టరమ్మ నన్ను సూటిగా అడిగింది, "చచ్చిపోతే బాగుండునని అనిపిస్తుందా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ల భయం. పుట్టదు. అడిగినందుకు నాకు గుండె తేలికైంది. ఆ తర్వాత మా ఆయనను పిలిచి "ఇంట్లో పురుగుల మందు ఎక్కడ పెడతారు?" అంది. పెరట్లో, తలుపు లేని అర మీద. ఆ సాయంత్రమే డబ్బాలన్నీ బావి కాడి కొట్టంలోకి పోయి తాళం పడింది. తాళంచెవి ఆయన దగ్గరే. రైతు కుటుంబాల్లో ఈ ఒక్క పని ఎంత ప్రాణాధారమో చెప్పలేను. ఆపద ఆలోచన చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపూ చేతికి అందకపోతే మనిషి దక్కుతుంది.

మాట, నడక

మందు నన్ను మంచం మీంచి లేపింది. లేచాక ఏం చేయాలో కౌన్సెలింగ్‌లో నేర్చుకున్నాను. డిప్రెషన్ స్వల్పంగా ఉన్నవాళ్లకు ఒక్కోసారి కౌన్సెలింగే చాలు. ఎక్కువగా ఉంటే రెండూ కలిస్తేనే మేలు. అక్కడ జాలిపడి ఓదార్చి పంపుతారనుకున్నాను. కాదు, హోంవర్క్ ఇచ్చారు! 'మనసు బాగయ్యాక పని చేస్తాను' అనుకుంటే రెండూ జరగవట. ముందు చిన్న పని చేయాలి, మనసు దాని వెనక వస్తుంది. నోటుబుక్కులో మొదటివారం నా పనులు: స్నానం ఎనిమిదింటికి, మల్లెచెట్టుకు నీళ్లు, చిన్నదానికి జడ. నవ్వకండి, ఆ జడ వేసిన రోజు నాకు పరీక్ష పాసైనట్టనిపించింది.

రెండో పాఠం ఆలోచనల మీద. అమెరికా డాక్టర్ ఆరన్ బెక్ 1960లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. మనసులో వచ్చిన మాటను వచ్చినట్టు కాగితం మీద పెట్టి, అది నిజమనడానికి సాక్ష్యమేమిటి, కాదనడానికేమిటి అని చూడాలి. "నేను ఈ ఇంటికి బరువు" అని రాశాను. కౌన్సిలర్ చదివి, "మీ కథలో పాత్ర ఈ మాట అంటే మీరు నమ్ముతారా?" అన్నారు. నమ్మను. ఆమె చేత అలా ఎవరు అనిపిస్తున్నారో వెతుకుతాను. ఆ వెతకడానికే నాకు పది పన్నెండు సార్లు పట్టింది. ముప్కాల్ నుంచి నిజామాబాద్ పోయిరావడమంటే రోజు పోయినట్టే. సగం ఫోన్లోనే కానిచ్చాం. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచితమయ్యాక చార్జీల బెంగ తీరింది. ఆ మధ్యలోనే బస్టాండులో నిలబడ్డ నా కథ మనిషికీ బస్సొచ్చింది.

నడవమని డాక్టరమ్మ చెప్పింది. చెప్పడం తేలికే! పనీపాటా లేకుండా పొద్దున్నే ఒంటరిగా నడిచే కోడల్ని ఊరు ఊరకే చూస్తుందా? "ఎటు వోతున్నవ్?" అని ముగ్గురు అడిగారు. నాలుగో రోజు నుంచి స్టీలు క్యాను పట్టుకున్నాను. పాలకు పోతున్నానంటే ఎవరూ అడగరు. దగ్గర్లో పాలున్నా ఊరి చివరిదాకా పోయేదాన్ని. అరగంట నడక, ముఖానికి ఎండ, నాలుగు దాటితే చాయ్ బంద్, రోజూ ఒకే వేళకు పడక. బాదంపప్పులూ ఖరీదైన పళ్లూ అక్కర్లేదు, జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, గుడ్డు చాలు. వ్యాయామం డిప్రెషన్‌ను తగ్గిస్తుందనేది నిజమే. కానీ నడిస్తే పోతుందని మాత్రలు మానిపించే బంధువుల మాట మాత్రం వినకండి. నడిచే ఓపిక నాకు మాత్ర వల్ల వచ్చింది.

డాక్టర్ దగ్గరికి పోయే వీలు లేనివాళ్లు టెలిమానస్‌కు చేయొచ్చు. నంబరు 14416. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లో అందరి ముందూ మాట్లాడలేకపోతే బట్టలు ఆరేసే వేళ మిద్దె మీంచి చేయండి. మాట్లాడే మనిషి పెద్ద చదువులవాళ్లే కానక్కర్లేదు కూడా. జింబాబ్వే రాజధాని హరారేలో డాక్టర్ డిక్సన్ చిబాండా 2006 నుంచి వాడలోని నాయనమ్మలకు శిక్షణ ఇచ్చి, దవాఖాన ఆవరణలో చెక్కబల్లల మీద కూర్చోబెట్టారు. రందిపడ్డవాళ్లు వచ్చి వాళ్లతో చెప్పుకుంటారు. అలా చెప్పుకున్నవాళ్లలో ఆరు నెలల తర్వాత డిప్రెషన్ బాగా తగ్గిందని 2016లో అధ్యయనం వచ్చింది. గోవాలో కూడా మామూలు మనుషులకు నేర్పి ఇలాగే చేశారు. మా పోచమ్మ గుడి కాడి చింతచెట్టు గద్దె నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. చోటుంది, ముసలమ్మలున్నారు. నేర్పేవాళ్లే కావాలి.

నా మాత్రలు 2024లో ఆగిపోయాయి. ఒకసారి వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి మళ్లీ రావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. గుర్తులేమిటో మా ఆయనకూ చెప్పింది. మూడింటికి మెలకువ, తల దువ్వుకోకపోవడం, ఫోన్ ఎత్తకపోవడం. ఆయన క్యాలెండర్ వెనక రాసిపెట్టుకున్నాడు. మొన్న సంక్రాంతికి అరిసెల పనిలో వరుసగా మూడు రాత్రులు నిద్రలేకపోతే, నేను వద్దన్నా డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. వారం చూద్దామంది. పండగ వెళ్లిన రెండో రోజుకే నిద్ర పట్టింది.