గడువు గల చీటి

ఇనుపపెట్టెలోని నగకు తాళము వేయుట సులభము. వేయి ఊళ్లలో వేయి ప్రతులుగా నున్న వస్తువునకు తాళము వేయుట యెట్లు? రుసుము పుచ్చుకొని ఇంటర్నెట్టు ద్వారా పాఠములు చెప్పువారికెల్ల ఈ చిక్కు ఎదురగును.

ఒక గణితోపాధ్యాయుడు తన పాఠములను వీడియోలుగా తీసి అమ్ముచున్నాడనుకొందము. వానిని దాచిన మూలసర్వరు ముంబయిలో నున్నది. విద్యార్థులు శ్రీకాకుళమునను, ఆదిలాబాదునను, అమెరికాలోని డల్లాసునను ఉన్నారు. అందఱును ముంబయికే వచ్చి అడిగినచో పాఠము నత్తనడక నడచును. అందుచేత ప్రతులను పలుచోట్ల నిలువయుంచి, దగ్గఱివారికి దగ్గఱనుండియే అందించు సర్వరుల కూటములు ఏర్పడినవి. ఇట్టి కూటమును కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్ అనియు, పొట్టిగా సి.డి.ఎన్. అనియు అందురు. 1998లో అమెరికాలో స్థాపింపబడిన అకమాయ్ ఈ పని చేపట్టిన తొలి సంస్థలలో నొకటి. అమెజాన్ సంస్థ 2008లో క్లౌడ్‌ఫ్రంట్ అను పేర ఇట్టిదానినే నెలకొల్పెను. హైదరాబాదులోను దాని సర్వరులు కలవు.

ఈ సర్వరులు బాటప్రక్కని చలివేంద్రముల వంటివి. చలివేంద్రమున దాహముగొన్నవాని పేరడుగరు. ఇవియు, వేఱొక కట్టుబాటు లేనిచో, లింకు తెచ్చినవారికెల్ల వీడియో నిచ్చును. రుసుము కట్టిన ఒక్క విద్యార్థి ఆ లింకును నలుగురికి పంపినచో ఉపాధ్యాయుని శ్రమ ఉచితముగా పంచబడును.

దీనికి విరుగుడుగా లింకునందే గడువును, సంతకమును చేర్చుదురు. విద్యార్థి రుసుము కట్టినట్లు రూఢి చేసికొని, ఉపాధ్యాయుని సర్వరు ‘ఈ వీడియో, ఈ క్షణమువఱకు’ అని యొక చీటి వ్రాయును. ఆ క్షణమును 1970 జనవరి 1 మొదలుకొని గడచిన సెకనుల లెక్కలో తెలుపుదురు. 200,00,00,000 అని యున్నచో అది 2033 మే 18వ తేదీ యగును! పిదప చీటికి సంతకము చేయును. ఈ సంతకము సిరాతో చేయునది కాదు, గణితముతో చేయునది. దీనికి జంటతాళపుచెవులు కావలెను. రహస్యమైన దానితో సంతకము చేయవచ్చును; బహిరంగమైన దానితో సంతకమును సరిచూడ వచ్చునే కాని క్రొత్తగా చేయరాదు. 1977లో రివెస్ట్, షమీర్, ఆడల్‌మన్ అను మువ్వురు కనిపెట్టిన పద్ధతిని క్లౌడ్‌ఫ్రంట్ ఇందులకు వాడుచున్నది.

గడువు పెంచుకొందమని ఎవరైన లింకులోని ఒక్క అంకె మార్చినను సంతకము పొసగదు. సర్వరు 403 అను సంఖ్యతో త్రిప్పి పంపును. తన ఫోనులోని గడియారమును వెనుకకు త్రిప్పినను లాభములేదు, సర్వరు చూచునది తన గడియారమును. ఇందులో నాకు మిక్కిలి నచ్చిన విషయ మొకటి కలదు. డల్లాసులోని సర్వరు రుసుము కట్టినవారి పట్టికను దగ్గఱ నుంచుకొన నక్కఱలేదు. ముంబయికి కబురంపి అడుగ నక్కఱలేదు. చీటియే సమస్తము చెప్పును.

అయితే గడువు ఎంత యుండవలెను? రెండు గంట లిచ్చినచో, ఆ రెండు గంటలును లింకు చేజిక్కిన ప్రతివాడును చూడగలడు. రెండు నిమిషము లిచ్చినచో వేఱొక బాధ. క్లౌడ్‌ఫ్రంట్ గడువును అడిగిన క్షణముననే చూచును. గడువులోపల మొదలైన దిగుమతి గడువు దాటినను సాగును. కాని నడుమ సంబంధము తెగి, మరల అడుగవలసివచ్చినచో తలుపు మూయబడును. సిగ్నలు సరిగా అందని పల్లెలోని విద్యార్థికే ఈ కష్టము వచ్చును. దొంగకు వెఱచి, రుసుము కట్టినవానిని వీధిలో నిలుపుట తగదు. గడువు తీరినను, చందాదారుడని తెలిసికొని క్రొత్త లింకు నిచ్చు ఏర్పాటుండుట మేలు.

రహస్యపు తాళపుచెవి విద్యార్థుల ఫోనులకు పంపు యాప్‌లో నెన్నడును ఉండరాదు. అది దొరకినవాడు తనకు వలసినన్ని చీట్లు వ్రాసికొనును. మఱియు మూలసర్వరు చిరునామా తెలిసినవాడు సి.డి.ఎన్. జోలికి పోకయే నేరుగా ముంబయికి వచ్చి వీడియో అడుగవచ్చును. కావున సి.డి.ఎన్. తప్ప మఱెవరు వచ్చి అడిగినను ఆ తలుపు తెఱువబడకుండునట్లు ముందుగనే బిగింపవలెను.