నేరశాస్త్రము: దొంగతనమునకు మూలమెచ్చట?

గ్రామమున దొంగతనము జరిగినదనగానే పదిమంది నోటను వచ్చు ప్రశ్న "ఎవరు చేసిరి?" అనునదే. పోలీసువారికిని ఆ ప్రశ్న తప్పనిది. కాని దానితోపాటు అడుగవలసినవి మరికొన్ని కలవు. ఆ యింటనే ఏల జరిగినది? ఆ వేళనే ఏల జరిగినది? పోయిన సొత్తును కొనువారెవరు? ఇట్టి ప్రశ్నలకు ఆధారములతో సమాధానము వెదకు శాస్త్రమే నేరశాస్త్రము.

తొలినాళ్లలో ఈ శాస్త్రము త్రోవ తప్పినది. 1876లో ఇటలీ దేశపు వైద్యుడు లొంబ్రోసో, కొందరు పుట్టుకతోనే నేరస్థులనియు, దవడలు, చెవులు, నుదురు చూచి వారిని గుర్తింపవచ్చుననియు వ్రాసెను. 1913లో ఇంగ్లండునందు గోరింగు అను వైద్యుడు సుమారు మూడువేలమంది ఖైదీలను ఇతరులతో పోల్చి చూచి, అట్టి ప్రత్యేకాకారమేదియు లేదని తేల్చెను.

మన దేశమున ఇంతకంటె ఘోరమైన భావము చట్టరూపమునే ధరించినది. 1871 నాటి నేరజాతుల చట్టము కొన్ని కులములకు కులములనే నేరస్థులని ముద్రవేసినది. 1911 చట్టముతో అది మద్రాసు రాజధానికిని వ్యాపించెను. బాపట్ల సమీపమునందలి స్టూవర్టుపురము ఆ చట్టము క్రింద ఏర్పడిన నివాసమే. ఎరుకలవారిని అచ్చట చేర్చి సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున ఉంచిరి. ఊరు దాటవలెనన్న అనుమతి చీటీ కావలెను. పేరు నమోదైనవారు హాజరు పలుకవలెను. బిడ్డ పుట్టకమునుపే అనుమానితుడు! ఎరుకలవారిలో పెక్కుమంది పూర్వము ఎద్దులమీదను గాడిదలమీదను సముద్రతీరపు ఉప్పును లోపలి ప్రాంతములకు మోసి, మారుగా ధాన్యము తెచ్చుకొని బ్రదికినవారు. రైలుమార్గములు వచ్చి, ఉప్పు వ్యాపారము ప్రభుత్వపు కట్టుబాటులలో చిక్కి, ఆ బ్రదుకుతెరువు చెడినది. ఆ మూలమును విడిచి చట్టము రక్తమును నిందించెను. మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతటను 1952 ఆగస్టు 31 నుండియు ఆ చట్టము రద్దయినది. కాగితముమీదనుండి పోయినంత వేగముగ మనస్సులలోనుండి అనుమానము పోలేదు. నిరపరాధి వెంట పోలీసులు తిరుగుచుండగా అసలు దొంగ తప్పించుకొనును.

మనుష్యుని పుట్టుకను విడిచి నేరము జరిగిన చోటును పరిశీలించినచో ఎంత ప్రయోజనమో ఇంగ్లండునందలి రోచ్‌డేల్ పట్టణపు కిర్క్‌హోల్ట్ పేట తెలుపుచున్నది. రెండువేలకు పైగా ఇండ్లున్న ఆ పేటలో 1986 ప్రాంతమున దొంగతనములు మిక్కుటము. పరిశోధకులు పోలీసు కాగితములు తిరుగవేయుటయే గాక, సొత్తు పోయినవారిని, ఇరుగుపొరుగువారిని, పట్టుబడిన దొంగలను సయితము ప్రశ్నించిరి. ఒకసారి దొంగలు పడిన యింటనే మరల పడుచున్నారని తెలిసినది. నాణెములు వేసినగాని పనిచేయని మీటర్లను పగులగొట్టి డబ్బు తీసికొనిపోవుచున్నారనియు తెలిసినది. ప్రతి యింటను దొంగకొరకై ఒక హుండీ అమర్చినట్లే గదా! ఆ మీటర్లు తీసివేయించిరి. దొంగలు పడిన యిండ్లకు గట్టి తాళములు వేయించిరి. చుట్టునున్న అయిదారిండ్లవారు ఆ యింటిమీద కన్నువేసి యుండునట్లు ఏర్పాటు చేసిరి. మూడేండ్లలో దొంగతనములు ఇంచుమించు నాలుగింట మూడువంతులు తగ్గినవి.

దొంగిలింపగోరువాడు, చేతికందు సొత్తు, కాపలా లేకుండుట, ఈ మూడును ఒకేచోట, ఒకేవేళ కూడినప్పుడే దొంగతనము జరుగునని కోహెన్, ఫెల్సన్ అను అమెరికా పండితులు 1979లో వివరించిరి. మన పొలములలో ట్రాన్స్‌ఫార్మరు రాగితీగ పోవుటను ఈ దృష్టితో చూడుడు. ఆ తీగను దొంగ ఇంట దాచుకొనుటకు తీయడు, అమ్ముటకే తీయును. కావున రాత్రి గస్తీతోపాటు పాతసామాను కొనువారి లెక్కలను పోలీసువారు తనిఖీ చేసినచో, కొనువాడు వెనుకాడును, దొంగకు శ్రమ దండుగ యగును.

ఇదంతయు నమోదైన సమాచారముపై ఆధారపడినది. "పోయినది పోయినది, స్టేషను చుట్టు ఎవడు తిరుగును?" అని ఊరకుండినచో ఏ వీధిలో, ఏ వేళ, ఏ వస్తువు పోవుచున్నదో పోలీసువారి లెక్కకు రాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నేరము జరిగిన ప్రదేశము తమ పరిధిలోనిది కాదను కారణముచే ఏ స్టేషనువారును సమాచారమును తీసికొన నిరాకరింపరాదు. నమోదైన దాని ప్రతిని ఫిర్యాదికి ఉచితముగ ఈయవలెను. ఫిర్యాదునందు అనుమానితుని పేరుకంటె మొదట వస్తువు వివరము, దానిని కడపటిసారి చూచిన వేళ, తలుపు తెరువబడిన తీరు వ్రాయించుడు.