దీవిలో దాగిన గూఢచారి - నా ఒక్క సంతకం

"మీ బ్యాంకు అనుభవాలు ఏవైనా రాయండి" అని సంపాదకులు అడిగినప్పుడు ముందు వద్దన్నాను. ముప్ఫై అయిదేళ్ళు కౌంటరు వెనక కూర్చున్నవాడి దగ్గర చెప్పుకోదగ్గ కథలేముంటాయి? అయితే ఒక గూఢచారి కథ నేను చాలా ఏళ్ళుగా శ్రద్ధగా చదువుతూ వచ్చాను. అది చదివినప్పుడల్లా నేను చేసిన ఒక పొరపాటు గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది. రెండూ కలిపి రాస్తున్నాను. పాఠక మిత్రులు ఓపికతో చదవాలని మనవి.

సీషెల్స్ అనే పేరు నేను మొదటిసారి గట్టిగా విన్నది 1981 నవంబరులో. అప్పుడు నేను బొంబాయి ఫోర్టులో, మా బ్యాంకు విదేశీ మారకం విభాగంలో పని చేసేవాణ్ణి. ఆ నెల 25వ తేదీన మైక్ హోర్ అనే ఆయన నాయకత్వంలో కొందరు కిరాయి సైనికులు విహారయాత్రికుల్లా ఆ దీవిలో దిగారు. పిల్లల ఆటబొమ్మలు నింపిన సంచుల అడుగున తుపాకులు దాచారు. విమానాశ్రయంలో ఒక కస్టమ్స్ ఉద్యోగి కంట ఒక తుపాకి పడింది. కాల్పులు మొదలయ్యాయి. ప్రభుత్వాన్ని కూల్చడానికి వచ్చినవాళ్ళు, బొంబాయి రావలసిన మన ఎయిర్ ఇండియా విమానాన్ని చేజిక్కించుకుని దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు పారిపోయారు. ఆ రెండు మూడు రోజులు మా ఆఫీసులో మరో మాట లేదు. ప్రయాణికులు క్షేమంగా బయటపడ్డాకే అందరం ఊపిరి పీల్చుకున్నాం.

హిందూ మహాసముద్రంలో 115 దీవుల దేశం అది. పెద్ద దీవి పేరు మాహె. యానాం పాఠకులకు ఆ పేరు వినగానే కేరళ తీరంలోని మాహె గుర్తొస్తుంది. దీవికి మాత్రం మాహె ద లా బూర్దొనే అనే ఫ్రెంచి గవర్నరు పేరు పెట్టారు. 1976లో స్వాతంత్ర్యం వచ్చింది. ఏడాది తిరక్కుండానే 1977 జూన్‌లో ఫ్రాన్స్ ఆల్బర్ట్ రెనే అధికారాన్ని చేజిక్కించుకున్నారు. కొబ్బరి, దాల్చిన చెక్క, చేపలు, సముద్రం చూడ్డానికి వచ్చే యాత్రికులు - ఆ దేశానికి ఉన్న ఆస్తి అంతే. అలాంటి దేశం అమ్ముకోగలిగినది ఇంకొకటి ఉంది. అది తన రాజముద్ర.

1978లో అక్కడ సీషెల్స్ ట్రస్ట్ కంపెనీ అని ఒకటి వెలిసింది. విదేశీయుల కంపెనీలను ఆ గడ్డ మీద రిజిస్టరు చేసే ప్రత్యేక హక్కు దానికి దక్కింది. కొద్ది కాలానికి అది జొవాన్ని మారియో రిచ్చి అనే ఇటలీ వ్యాపారి చేతికి వచ్చింది. ఆయన అధ్యక్షుడికి దగ్గరి మనిషి. మాల్టా వీరుల పేరు పెట్టుకున్న ఒక సంఘానికి రాయబారిగా కూడా గుర్తింపు పొందాడు. రోములో ఉన్న అసలు మాల్టా సంఘానికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఇక మన గూఢచారి. పేరు ఫ్రాంచెస్కో పాజియెంజా. చదివింది వైద్యం, చేసింది మంత్రాంగం. ఇటలీ సైనిక గూఢచారి సంస్థ అధిపతికి 1980 ప్రాంతంలో సలహాదారుగా ఉండేవాడు. ఆంబ్రోసియానో బ్యాంకు అధ్యక్షుడు రొబెర్తో కాల్వికి కూడా సలహాదారే. 1982 జూన్‌లో కాల్వి శవం లండన్‌లో ఒక వంతెన కింద వేలాడుతూ కనిపించింది. ఆ వేసవిలోనే బ్యాంకు కూలింది. పనామా మొదలైన చోట్ల ఉన్న కాగితాల కంపెనీలకు ఇచ్చిన సుమారు 130 కోట్ల డాలర్ల అప్పు తిరిగి రాలేదు. ఇటలీ పోలీసులు పాజియెంజా కోసం వెతకసాగారు. అతను తేలిన చోటు సీషెల్స్. అక్కడ అతనికి రిచ్చి వర్గంతో సంబంధాలు కుదిరాయి.

పరారీలో ఉన్నవాడికి దీవిలో కావలసింది కొబ్బరి చెట్ల నీడ కాదు. ఒక కంపెనీ పేరు, ఒక లెటరుహెడ్డు, "ఈయన మావాడే" అనే పెద్దమనిషి. అవన్నీ అక్కడ తేలిగ్గా దొరికేవి. అయినా అతను అక్కడ ఎక్కువ కాలం నిలవలేదు. 1985 మార్చిలో న్యూయార్కులో పట్టుబడ్డాడు. 1986లో ఇటలీకి అప్పగించారు. బ్యాంకు కేసులో శిక్ష పడింది. 1980లో 85 మందిని బలిగొన్న బొలోన్యా రైల్వే స్టేషను పేలుడు దర్యాప్తును తప్పుదారి పట్టించినందుకు పదేళ్ళ శిక్ష 1995లో ఖాయమైంది.

ఇంకో విచిత్రం చూడండి. 1981లో దాడికి వచ్చిన కిరాయి సైనికుల వెనక ఉన్నది దక్షిణాఫ్రికా. అయిదేళ్ళు తిరిగేసరికి, అంటే 1986లో, ఆ దేశపు పేరుమోసిన గూఢచారి క్రెయిగ్ విలియమ్సన్ రిచ్చి కంపెనీ దక్షిణాఫ్రికా శాఖకు మేనేజింగ్ డైరెక్టరయ్యాడు. తుపాకులతో విమానాశ్రయం దాటలేకపోయినవాళ్ళు వ్యాపారం పేరుతో దర్జాగా లోపలికి వచ్చారన్నమాట. స్టీఫెన్ ఎల్లిస్ అనే చరిత్రకారుడు 1996లో ఈ వ్యవహారాలన్నీ వివరంగా రాశారు.

అంతకు ముందు ఏడాది, 1995లో, సీషెల్స్ ఏకంగా ఒక చట్టమే చేసింది. కోటి డాలర్లు పెట్టుబడి పెట్టినవాడి మీద కేసులుండవు, ఆస్తి జప్తు ఉండదు. హింసా నేరాలకు, మాదక ద్రవ్యాల వ్యాపారానికి మాత్రం మినహాయింపు లేదట! ప్రపంచమంతా గోలపెట్టింది. 2000లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. 2008లో ఆ దేశం విదేశీ అప్పు కట్టలేక చేతులెత్తేసింది. దీవికి వచ్చిపోయిన దొరలెవరూ ఆ భారం మొయ్యలేదు. రూపాయి విలువ పడిపోయి, ధరలు పెరిగి మోసినవాళ్ళు అక్కడి జాలర్లు, టీచర్లు, హోటలు పనివాళ్ళు.

ఇప్పుడు నా సంగతి. 1996లో నేను శివారు శాఖకు మారాను. మన సంఘం ఉగాది సభల్లో ఒకాయన పరిచయమయ్యాడు. మన జిల్లావాడు, చక్కటి మాట, పద్యం అందుకుంటే సభంతా చప్పట్లు. అన్నదానానికి అడక్కుండానే అయిదు వేలు ఇచ్చాడు. కరెంటు ఖాతా తెరవాలి, పరిచయకర్తగా సంతకం కావాలన్నాడు. ఆ రోజుల్లో ఖాతా తెరవాలంటే పాత ఖాతాదారో, బ్యాంకు ఉద్యోగో ఒకరు సంతకం పెట్టేవారు. నాకు ఆయన పేరు, ఊరు తప్ప ఏమీ తెలియదు. వ్యాపారం ఎక్కడని కూడా అడగలేదు. మనవాడే కదా అని పెట్టేశాను.

ఏడాదిన్నర గడిచింది. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ ఆశ చూపి మన కాలనీలో నలభై ఇళ్ళ దగ్గర డిపాజిట్లు పోగుచేసి, ఒక శనివారం రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. చట్టప్రకారం నా మీద ఏ బాధ్యతా లేదు. ఇన్‌స్పెక్టరు కూడా ఆ మాటే చెప్పి టీ ఇచ్చి పంపించాడు.

మా కింది అంతస్తులో ఉండే అక్కయ్య మాత్రం అలా అనలేదు. భర్త పోయాక మిల్లు నుంచి వచ్చిన అరవై వేలూ అతని చేతిలో పెట్టింది. నేను పలకరించడానికి వెళితే, "ఫలానా బ్యాంకాయనే నా ఖాతాకు సంతకం పెట్టారని ఫారం నకలు చూపించాడు తమ్ముడూ. నీ సంతకం చూసే ఇచ్చాను" అంది. గొంతు పెంచలేదు. కాఫీ కూడా ఇచ్చింది. ఆ కాఫీ గొంతు దిగలేదు.

నాలుగేళ్ళపాటు నెలకింత చొప్పున ఆ సొమ్ములో సగం తీర్చగలిగాను. మిగతా సగం ఆవిడ వద్దంది. తక్కిన ముప్ఫై తొమ్మిది ఇళ్ళకు నేనేమీ చేయలేకపోయాను. ఇప్పటికీ సంఘం సభల్లో కొందరు నా పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా వేరే వరుసలోకి వెళతారు. వాళ్ళను తప్పుపట్టను.

2002లో రిజర్వు బ్యాంకు "మీ ఖాతాదారుని తెలుసుకోండి" అనే నిబంధనలు తెచ్చింది. చిరునామా రుజువులు, ఫోటో గుర్తింపు కార్డులు వచ్చాయి. చాలామంది విసుక్కున్నారు. నేను విసుక్కోలేదు. అయినా బ్యాంకు అడిగే కాగితాలు బ్యాంకు వరకే. మన పెళ్ళిళ్ళలో, పూజల్లో, సంఘం సభల్లో "ఈయన మనవాడే" అని మనం నోటితో పెట్టే సంతకానికి ఏ నిబంధనా లేదు. పరాయి ఊళ్ళో తెలుగు మాట వినబడితే మన ప్రాణం లేచివస్తుంది. అది మన బలం. మోసగాడికి కావలసిందీ అదే.

కనుక ఈసారి ఎవరినైనా పరిచయం చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇతని గురించి నాకు నిజంగా ఏం తెలుసు? జవాబు "మన జిల్లావాడు" అన్నంత వరకే ఉంటే, దయచేసి కలం జేబులోనే ఉంచుకోండి.